తలుపు మూలలో పగులు: ఒక యూర్డింగెన్ రైలుబస్సు మరమ్మతు కేసు

జర్మనీలో ఒక మ్యూజియం రైల్వే దగ్గర నడుస్తున్న వీటీ 98 రకం రైలుబస్సు ఇది. తలుపు ద్వారం దిగువ మూలలో పగులు వచ్చింది. వెల్డింగ్ చేశారు, మళ్లీ వచ్చింది. మందపాటి పలక వేశారు, ఈసారి పలక అంచున వచ్చింది. నాలుగో ప్రయత్నానికి గానీ అసలు కారణం దొరకలేదు. బండి నంబరు, లైను, సంస్థ పేర్లు ఇవ్వడం లేదు. బండి గుర్తు దొరక్కుండా ఒకటి రెండు కొలతలను గుండ్రని అంకెలకు సవరించాం. కారణం మాత్రం ఉన్నదున్నట్టే రాశాం.

ఈ కేసు అర్థం కావాలంటే ముందు ఈ రకం బండిని రూపొందించిన యూర్డింగెన్ ఫ్యాక్టరీ చరిత్ర కొంత తెలియాలి. పగులు ఆ మూలకే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు సగం జవాబు 1950లో అక్కడ జరిగిన ఒక నిర్ణయంలోనే ఉంది.

ఫ్యాక్టరీ ఏం ఆలోచించి కట్టింది

యూర్డింగెన్ రైన్ నది ఒడ్డున ఉంది, ఇప్పుడు క్రెఫెల్డ్ నగరంలో భాగం. అక్కడి వ్యాగన్ ఫ్యాక్టరీ 1898లో మొదలైంది. నేడు అదే ప్లాంటులో సీమెన్స్ కంపెనీ ఐసీఈ అనే హైస్పీడ్ రైళ్లు తయారవుతున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పశ్చిమ జర్మనీ రైల్వేకు బ్రాంచి లైన్లు పెద్ద తలనొప్పి అయ్యాయి. రోజుకు నాలుగు ట్రిప్పులు, ట్రిప్పుకు ముప్ఫై నలభై మంది. దానికోసం ఆవిరి ఇంజిన్‌ను తెల్లవారకముందే రాజేయాలి, ఇద్దరు మనుషులు దాని మీద నిలబడాలి, వెనక రెండు పెట్టెలు లాగాలి. కాకినాడ–కోటిపల్లి లైన్లో ఒంటి పెట్టె రైలుబస్సు ఎక్కినవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. జనం తక్కువున్న లైనుకు బండి కూడా తేలిగ్గా ఉండాలి.

రైలుబస్సు అప్పటికే కొత్త ఊహేం కాదు. 1930లలో విస్మార్ ఫ్యాక్టరీ చిన్న రైలుబస్సులు కట్టింది. ముందొకటి, వెనకొకటి ఫోర్డ్ ఇంజిన్లు, రెండు వైపులా పొడుచుకొచ్చిన బానెట్లు. ఆ రూపం చూసి జనం దానికి పంది మూతి అని పేరు పెట్టారు. అది చౌక బండే, కానీ చిన్న లైన్లకే సరిపోయేది. ఒక్కో ఇంజిన్ ఒక్కో దిశకు మాత్రమే పనికొచ్చేది.

యూర్డింగెన్ దారి వేరు. బస్సు విడిభాగాలు వాడాలి, కానీ బండి నిర్మాణం రైలుదే కావాలి. ఇంజిన్ బ్యూసింగ్ కంపెనీది, ఆరు సిలిండర్ల డీజిల్. నేల కింద పక్కకు పడుకోబెట్టి బిగించారు. గేర్‌బాక్సు జెడ్‌ఎఫ్ కంపెనీది, విద్యుదయస్కాంతాలతో మారే ఆరు గేర్లు. పెట్టె పలుచని ఉక్కు రేకులు, మడతపెట్టిన సెక్షన్లతో వెల్డింగ్ చేసింది. బరువు మోసేది కింది చట్రం ఒక్కటే కాదు. పక్క గోడ, పైకప్పు, నేల కలిసి ఒక గొట్టంలా మోస్తాయి. ఈ మాట గుర్తుంచుకోవాలి, తర్వాత అవసరమవుతుంది.

1950లో వచ్చిన మొదటి ప్రయోగ బండ్లలో 11 బండ్లకు ఇరుసుల మధ్య దూరం 4.5 మీటర్లు. అప్పటి నిబంధనలు అంతకు మించనివ్వలేదు. పన్నెండో బండిని మాత్రం 6 మీటర్ల దూరంతో కట్టారు. పొట్టి బండ్లతో పోలిస్తే దాని నడక ఎంతో స్థిరంగా ఉంది. మంత్రిత్వ శాఖ ప్రత్యేక అనుమతితో తర్వాతి వరస బండ్లన్నిటికీ 6 మీటర్లే ఖాయమైంది. బోగీలు (పెట్టె కింద విడిగా తిరిగే చక్రాల చట్రాలు) లేకుండా, రెండే ఇరుసుల మీద, గంటకు 90 కిలోమీటర్ల వేగం. అదే వీటీ 95.

వీటీ 95కు ఒకే ఇంజిన్, కప్లింగ్ తేలిక రకం. మామూలు బఫర్లు (కొసల్లో తాకిడిని ఓర్చుకునే దిమ్మెలు) లేవు కాబట్టి సరకు వ్యాగన్ తగిలించే వీలు లేదు. వెనక తగిలించే ట్రైలర్‌కు డ్రైవర్ క్యాబిన్ లేదు కాబట్టి లైను చివర మోటారు బండిని విప్పి, పక్క పట్టా మీదుగా తిప్పి, రెండో కొసకు తగిలించాలి. కొండ లైన్లలో 150 హార్స్‌పవర్ చాలలేదు. ఈ మూడు లోపాలకూ సమాధానంగా వచ్చింది వీటీ 98. రెండు ఇంజిన్లు, ఒక్కోటి 150 హార్స్‌పవర్, ఒక్కోటి ఒక్కో ఇరుసును తిప్పుతుంది. మామూలు బఫర్లు, మర తిప్పి బిగించే కప్లింగ్, డ్రైవర్ క్యాబిన్ ఉన్న ట్రైలర్లు. 1955 నుంచి 1962 దాకా 329 మోటారు బండ్లు తయారయ్యాయి. పని అంతా యూర్డింగెన్‌లోనే జరగలేదు. మాన్, డోనావొర్త్ ఫ్యాక్టరీలు కూడా పంచుకున్నాయి. జర్మన్లు వీటిని బ్రాంచి లైన్ల రక్షకులు అన్నారు.

ఇరుసుల మధ్య దూరం 4.5 నుంచి 6కు పెరిగితే నడక బాగుపడింది. దానికి చెల్లించిన మూల్యం మెలిక. పట్టాలెప్పుడూ ఒకే మట్టంలో ఉండవు. వంపులోకి వెళ్లేచోట బయటి పట్టా మెల్లగా లేస్తుంది. 300కి 1 చొప్పున మెలిక ఉందనుకుంటే, 4.5 మీటర్ల బండికి నాలుగో చక్రం దగ్గర తేడా 15 మి.మీ., 6 మీటర్ల బండికి 20 మి.మీ. ఆ తేడాను కొంత స్ప్రింగులు మింగుతాయి, కొంత పెట్టె తానే మెలికపడి సర్దుకుంటుంది. నులకమంచాన్ని ఎగుడుదిగుడు నేల మీద వేస్తే నాలుగు కోళ్లూ ఆనతాయి, చెక్కబల్ల వేస్తే ఒక కాలు గాల్లో ఉంటుంది. యూర్డింగెన్ కట్టింది నులకమంచం. దాన్ని బల్లగా మార్చే మరమ్మతు ఏదైనా చివరికి పగులుకే దారితీస్తుంది. మొదటి రెండు మరమ్మతులు చేసినవాళ్లకు ఈ సంగతి తట్టలేదు.

బండి వచ్చినప్పుడు

వేసవి వారాంతాల్లో సందర్శకులతో నడిచే బండి. జర్మనీ రైల్వే నిర్మాణ, నిర్వహణ నిబంధన ప్రకారం ఆరేళ్లకోసారి ప్రధాన తనిఖీ ఉంటుంది, పొడిగిస్తే ఎనిమిదేళ్ల దాకా. ఆ తనిఖీ నాటికి పగులు మూడోసారి కనబడింది.

చోటు: ఒక కొసన ఉన్న తలుపు ద్వారం దిగువ మూల, ఇరుసు వైపుది. నాలుగు తలుపుల్లో అదొక్కటే. ఈ వివరానికి ఇవ్వాల్సినంత విలువ మొదట ఎవరూ ఇవ్వలేదు. డిజైన్ లోపమో, వయసు మీద పడిన లోహమో అయితే నాలుగు మూలల్లోనూ ఏదో ఒక స్థాయిలో కనబడాలి. ఒక్క మూలలోనే వచ్చిందంటే ఆ మూలకు మాత్రమే ఏదో జరుగుతోందని అర్థం.

ఫిర్యాదులు మరో రెండున్నాయి. ఒక ఇంజిన్ వేగం పుంజుకునేటప్పుడు నేల జుమ్మంటోంది. బండి నిండా జనం ఎక్కినప్పుడు ఆ తలుపు బిగుసుకుంటోంది, ఖాళీ బండిలో హాయిగా పడుతోంది. తలుపు సంగతి రిపోర్టులో లేదు, గార్డు నోటిమాటగా చెప్పింది. తలుపు పై అంచును చూస్తే ఎవరో ఆకురాయితో రాకినట్టు కనబడింది, దాని మీద వేసిన రంగు పక్క రంగు కంటే కొత్తది. అంటే తలుపు బిగుసుకోవడం ఈ ఏడాది మొదలైంది కాదు. ఎవరో ద్వారం ఎందుకు వంకరపోయిందని అడగకుండా తలుపునే అరగదీశారు.

మొదటి రెండు మరమ్మతులు ఎందుకు నిలవలేదు

పాత రికార్డు ప్రకారం మొదటిసారి పగులు పొడవు సుమారు 40 మి.మీ. రంగు గీకి, గ్రైండర్‌తో గాడి తీసి, వెల్డింగ్ చేసి, మట్టం చేసి రంగేశారు. ఒక సీజన్ నిలిచింది.

ఇక్కడ జరిగిన తప్పులు సామాన్యమైనవే. పగులు కంటికి కనబడే దగ్గర ఆగదు, ఇంకా కొంత ముందుకు వెళ్లి ఉంటుంది. ఎర్ర ద్రావకం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లి చూస్తే గాని దాని చివర దొరకదు. ఆ చివర కంటే కొద్దిగా ముందు సన్నని రంధ్రం వేసి పగులును ఆపాలి. రెండూ చేయలేదు. పైగా వెల్డు సరిగ్గా మూల మీదే, ఒత్తిడి అంతా వచ్చి చేరే చోటే పడింది. వెల్డు పక్కన వేడి తగిలిన పట్టీ రేకు మొత్తంలో బలహీనమైన భాగం. దాన్ని తీసుకెళ్లి అత్యంత కష్టపడే చోట పెట్టారన్నమాట.

రెండోసారి ఆలోచన మారింది. రేకు పలుచన కాబట్టి పగిలింది, మందం పెంచుదాం అనుకున్నారు. 3 మి.మీ. రేకు మీద 8 మి.మీ. పలక అతికించి చుట్టూ వెల్డింగ్ చేశారు. ఆవిరి ఇంజిన్లు, సరకు వ్యాగన్ల మీద చేయి తిరిగిన వర్క్‌షాపులో ఇది సహజమైన ఆలోచనే. బరువు మొత్తం చట్రం మోసే బండిలో పలక వేస్తే బలం పెరుగుతుంది. రేకు గొట్టంలా పనిచేసే బండిలో మాత్రం పలక ఉన్న చోట వంగడం ఆగిపోయి, ఆ వంపంతా పలక అంచు దగ్గర గుమిగూడుతుంది. 3 మి.మీ. నుంచి ఒక్కసారిగా 11 మి.మీ. మందం. పగులు సరిగ్గా ఆ అంచు వెంటే, వెల్డు మొదట్లోంచి మొదలై 60 మి.మీ. నడిచింది.

పలకను కోస్తున్నప్పుడు దాని వెనక ఏం జరిగిందో తెలిసింది. కట్టింగ్ డిస్కు కింది అంచు వెల్డును సగం దాటేసరికి కోత దానంతటదే తెరుచుకుంది, డిస్కు మందం కంటే దాదాపు 2 మి.మీ. ఎక్కువ. చుట్టూ వేసిన లావుపాటి వెల్డు చల్లబడుతూ రేకును లాగి పట్టుకుంది. బండి కదలకముందే ఆ మూల లాగుడులో ఉంది. పలకకూ రేకుకూ మధ్య తడి తుప్పు. పైన ఎక్కడో చిన్న రంధ్రంలోంచి నీళ్లు దిగాయి, బయటికి పోయే దారి లేదు.

పాత రంగు పొరల్లో సీసం ఉంటుందనే లెక్కతోనే గీకుడు పని పెట్టుకోవాలి. గ్రైండర్ పెట్టేముందు నమూనా పరీక్ష చేయించి, ఆ మేరకు రసాయనంతో రంగు ఊడదీశారు.

మూడో ప్రయత్నం: ఇంజిన్ మీద అనుమానం

నేల జుమ్మనడం ఆ కొసలోనే వినబడుతోంది కాబట్టి అనుమానం ఇంజిన్ మీదికి వెళ్లింది. ఇంజిన్‌ను చట్రానికి వేలాడదీసే రబ్బరు దిమ్మెలు గట్టిపడితే ప్రకంపన నేరుగా పెట్టెలోకి ఎక్కుతుంది. ప్రకంపన రేకును అలసటకు గురిచేస్తుంది, అలసటతో పగులు వస్తుంది. వాదన బాగానే ఉంది. దిమ్మెల గట్టిదనం కొలిస్తే నిజంగానే రెండు రాయిలా ఉన్నాయి. నాలుగూ మార్చారు. బ్యూసింగ్ 1970ల మొదట్లోనే మాన్‌లో కలిసిపోయింది. అసలు దిమ్మెలు దొరకవు కాబట్టి కొలతలు, గట్టిదనం ఇచ్చి పోయించుకోవాలి. ఒక్క జాగ్రత్త: కొత్తవి నాలుగూ ఒకే విడతలో పోసినవై ఉండాలి. రెండు పాతవి, రెండు కొత్తవి వేస్తే ఇంజిన్ ఒక పక్కకు ఒరిగి ఇరుసుకు వెళ్లే షాఫ్టు కోణం మారుతుంది.

జుమ్మనడం తగ్గింది. పగులు మాత్రం ఆగలేదు. మూలలో పెన్సిల్‌తో తేదీ వేసి గుర్తుపెట్టిన పగులు చివర, ఆరు వారాంతాల్లో 9 మి.మీ. ముందుకు జరిగింది.

మాకు ఎక్కువ పాఠం నేర్పింది ఈ దశే. దిమ్మెలు మార్చడం తప్పు పని కాదు, ఎలాగూ మార్చాల్సినవే. ఒక లోపం సరిదిద్దగానే ఒక లక్షణం తగ్గితే, రెండో లక్షణానికి కూడా అదే కారణమని తోస్తుంది. ఇక్కడ రెండూ వేరు. ప్రకంపన వల్ల వచ్చే పగులు అయితే ఖాళీ బండి తిరిగినా పెరగాలి. ప్రయాణికులు లేకుండా ఇంజిన్ పరీక్షకు తిప్పిన రోజుల్లో పగులు అంగుళంలో వెంట్రుకవాసి కూడా కదల్లేదు. జనం ఎక్కిన రోజుల్లోనే కదిలింది. తలుపు బిగుసుకున్నదీ ఆ రోజుల్లోనే.

ప్రశ్న మార్చాక

అప్పటిదాకా అందరూ అడిగింది ఒకటే ప్రశ్న, ఈ మూల ఎందుకు బలహీనంగా ఉందని. ఇప్పుడు అది మారింది. నిండు బండిలో ఈ మూలకు ఏం అదనంగా తగులుతోంది?

వీటీ 98 పొడవు బఫర్లతో కలిపి 13.95 మీటర్లు. ఇరుసుల మధ్య 6 మీటర్లు పోతే, ఒక్కో కొసన ఇరుసు బయటికి దాదాపు 4 మీటర్లు వేలాడుతుంది. తలుపు ద్వారం ఉన్నది ఆ వేలాడే భాగంలోనే. పక్క గోడ అనే గొట్టానికి అది పెద్ద కంత. మెలిక వచ్చినా, కుదుపు వచ్చినా ఆ కంత మూలలకే ఎక్కువ తగులుతుంది. కాబట్టి ఏదైనా ఒక చక్రం దగ్గర సరిగా పనిచేయకపోతే దానికి దగ్గరున్న తలుపు మూల ముందు చెబుతుంది.

మొదట చక్రాల బరువు కొలిచారు. సమమట్టమైన పట్టా మీద బండిని రెండుసార్లు ముందుకూ వెనక్కూ జరిపి, స్ప్రింగులు కుదురుకున్నాక, ఒక్కో చక్రం కింద లోడ్‌సెల్ పెట్టి, మూడుసార్లు కొలిచి సగటు తీశారు. డీజిల్ ట్యాంకు ఎంత నిండి ఉందో రాసుకున్నారు, రెండు కొలతల మధ్య అది మారితే లెక్క చెడుతుంది. తేడా సగటుకు 3 శాతం లోపే. అంతా సవ్యమే అన్నట్టు ఉంది.

తర్వాత 25 కిలోల ఇసుక బస్తాలు 160 తెప్పించారు. మొత్తం 4 టన్నులు, సీట్లన్నీ నిండినంత బరువు. బస్తాలన్నీ మధ్యలో పోగేస్తే పని లేదు, సీట్ల వరస ప్రకారం పంచాలి. బస్తాలతో కొలిచినా చక్రాల తేడా 4 శాతం దాటలేదు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. అయితే ఆ కొలత నిలబడి ఉన్న బండిది, పగులు పెరిగేది నడిచే బండిలో.

నిలబడి ఉన్నప్పుడు ఇంకొకటి కూడా కొలిచారు. తాపీమేస్త్రీలు వాడే నీటి గొట్టమే, పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో రంగునీళ్లు. చట్రం నాలుగు మూలల్లో గుర్తులు పెట్టి, ఖాళీగా ఒకసారి, బస్తాలతో ఒకసారి మట్టం చూశారు. ఖాళీగా నాలుగూ ఒకే మట్టం. బస్తాలు ఎక్కాక మూడు మూలలు సుమారు 40 మి.మీ. దిగాయి. నాలుగో మూల, పగులున్నదే, 47 దిగింది.

ఏడు మిల్లీమీటర్ల తేడా వల్ల రేకు పగలదు. 20 మి.మీ. మెలికకు తట్టుకునే బండి అది. మరి ఆ ఏడు ఎక్కడ ప్రాణం తీస్తోంది? పెట్టెకూ ఇరుసుకూ మధ్య స్ప్రింగు పూర్తిగా అణిగిపోకుండా రబ్బరు స్టాపరు ఉంటుంది. దాని దగ్గర ఎంత ఖాళీ మిగిలిందన్నది అసలు ప్రశ్న. నాలుగు స్టాపర్ల మీదా నిమ్మకాయంత బంకమట్టి ముద్దలు అంటించి, బస్తాలతో బండిని లైను మీద ఒక ట్రిప్పు తిప్పారు. తిరిగొచ్చాక మూడు మూలల్లో ముద్ద 6 నుంచి 8 మి.మీ. మందాన మిగిలింది. నాలుగో మూలలో అట్టులా పరుచుకుని, మధ్యలో రబ్బరు నలుపు కనబడుతోంది. తుడిచి చూస్తే స్టాపరు కొట్టుకునే ఇనుప ముఖం నాణెంలా మెరుస్తోంది. మిగతా మూడింటి మీద దుమ్ము, తుప్పు అలాగే ఉన్నాయి.

తలుపు మూలలో అప్పటికే అతికించిన స్ట్రెయిన్ గేజి (రేకు ఎంత సాగిందో కొలిచే పరికరం) రికార్డూ ఇదే చెప్పింది. సున్నా ఎక్కడ పెట్టాలన్నది గేజి పనిలో సగం. ఖాళీ బండి మీద సున్నా పెట్టి, బస్తాలు ఎక్కేటప్పుడు ఒక రికార్డు, నడిచేటప్పుడు ఒక రికార్డు తీశారు. బస్తాల వల్ల వచ్చిన మార్పు చిన్నది. నడిచేటప్పుడు మాత్రం వంపు మొదట్లో, ఒక రోడ్డు క్రాసింగ్ దగ్గర సూదుల్లాంటి శిఖరాలు. స్టాపరు తగిలిన క్షణంలో ఆ మూల దగ్గర స్ప్రింగు లేనట్టే లెక్క, పట్టా కొట్టిన దెబ్బ నేరుగా పెట్టెకు చేరుతుంది. బయటికి వేలాడే 4 మీటర్లు చెర్నాకోల కొసలా విదిలిస్తుంది.

స్ప్రింగు ఊడదీసి ప్రెస్ కింద పెడితే మిగతా మూడింటి కంటే 15 శాతం మెత్తన. గత ఓవర్‌హాల్‌లో అసలు స్ప్రింగు విరిగితే, ఒక ట్రైలర్ పెట్టె నుంచి తీసిన స్ప్రింగు వేశారు. ఇంజిన్లు లేని ట్రైలర్ తేలిక, దాని స్ప్రింగులు మెత్తన. చూడటానికి కొలతలన్నీ సరిపోయాయి. బండి ఆ మూల కొద్దిగా ఒరిగితే కింద షిమ్ అనే పలుచని బిళ్ల పెట్టి మట్టం చేశారు. ఖాళీ బండిలో ఇక ఏ కొలతకూ దొరకదు. ఎత్తు సరే, బరువు సరే. మెత్తదనం బయటపడాలంటే అదనపు బరువు పడాలి.

పని ఎలా చేశారు

ముందు స్ప్రింగు, తర్వాత రేకు. వరస తిరగేస్తే కొత్త రేకు మొదటి ట్రిప్పులోనే దెబ్బలు తినడం మొదలుపెడుతుంది. ఒక్కదాన్ని మార్చే బదులు నాలుగు స్ప్రింగులనూ ప్రెస్ మీద కొలిచి, ఒకే ఇరుసు మీద దగ్గరి విలువలున్న జతలు వచ్చేలా, ఒకటి కొత్తగా చేయించి అమర్చారు. షిమ్ తీసేశారు. బస్తాలతో మళ్లీ నీటి గొట్టం, మళ్లీ బంకమట్టి. నాలుగు ముద్దలూ మిగిలాయి.

రేకు పనిలో చర్చంతా ఎంత కోసి తీయాలన్న దాని మీదే. పగిలిన భాగం వరకే తీస్తే కొత్త వెల్డు మళ్లీ మూల మీదే పడుతుంది. మూల నుంచి అన్ని వైపులా కనీసం 150 మి.మీ. దూరం దాకా కోసి, కొత్త వెల్డు ఒత్తిడి తక్కువున్న చోట పడేలా గీత గీశారు. తీసిన ముక్కలో కొంత లోహ విశ్లేషణకు పంపారు. పాత ఉక్కు ఏమిటో తెలియకుండా వెల్డింగ్ తీగ ఎంచుకోవడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

కొత్త ముక్క 3 మి.మీ. మందం, పాతదానంతే. ఇంకో మిల్లీమీటరు వేద్దామన్న ఒత్తిడి ఈసారీ వచ్చింది, ఒప్పుకోలేదు. మూల గుండ్రదనం అసలు ఎంత ఉండేదో పాత మరమ్మతుల వల్ల ఆ మూలలో తెలియదు. పగలని ఎదుటి తలుపు మూలకు అట్ట కత్తిరించి, ఆ అట్టతోనే కొత్త ముక్క కోశారు. కోసిన అంచును గుండ్రంగా, ద్వారం చుట్టూ పోయే దిశలోనే నున్నగా రుద్దారు. అడ్డంగా పడిన గ్రైండర్ గీత ఒక్కటి చాలు, కొత్త పగులుకు అదే మొదలవుతుంది.

రెండు రేకుల అంచులు ఎదురెదురుగా పెట్టి వేసే వెల్డే వాడారు, ఒకదానిమీదొకటి ఎక్కించలేదు. ముందు 40 మి.మీ. ఎడంతో టాకాలు, తర్వాత ఒక పక్క కొంచెం, ఎదుటి పక్క కొంచెం. ఏకబిగిన వేస్తే పలుచని రేకు మెలితిరుగుతుంది. వెల్డింగ్ సాగినంతసేపూ ద్వారం రెండు కర్ణాలు టేపుతో కొలుస్తూనే ఉన్నారు, తేడా 1 మి.మీ. దాటితే చల్లారనిచ్చి వరస మార్చారు. రైలు వాహనాల వెల్డింగ్ ప్రమాణం ఈఎన్ 15085 కింద అర్హత ఉన్న వెల్డరు, రాతపూర్వక పద్ధతి, చివర ద్రావక పరీక్ష. మూల దిగువన నీళ్లు పోయే రంధ్రం వదిలారు, లోపల మైనం పూత కొట్టారు.

షంటింగ్ (డిపోలో బండ్లను నెట్టి జరపడం, తగిలించడం) గురించి ఒక నియమం కూడా పెట్టారు. వీటీ 98కి మామూలు బఫర్లు ఉన్నాయి కదా అని డిపోలో పెద్ద డీజిల్ ఇంజిన్‌తో దీన్ని సరకు వ్యాగన్లా నెట్టేవాళ్లు. దీనికి బఫర్లు పెట్టింది వ్యాగన్ లాగగలగడానికి. అంతమాత్రాన పెట్టె వ్యాగన్ అయిపోలేదు. తగిలించే వేగం మనిషి నడక కంటే తక్కువే ఉండాలని రాసిపెట్టారు. ఈ పగులుకు షంటింగ్ కారణమని తేలలేదు. అయినా వేలాడే కొసకు అలాంటి దెబ్బ మంచిది కాదు.

తనిఖీ పుస్తకంలో రెండు గీతలు చేరాయి. స్ప్రింగు మార్చిన ప్రతిసారీ నీటి గొట్టం కొలత ఖాళీగానే కాక బరువుతో కూడా తీయాలి. ప్రతి సీజన్ ముందు నాలుగు స్టాపర్ల ముఖాలు తుడిచి చూడాలి, ఎక్కడ మెరుపు కనబడితే అక్కడ బంకమట్టి పెట్టి తిప్పాలి.

రెండు సీజన్లు గడిచాయి. ద్రావక పరీక్షలో ఏమీ కనబడలేదు. తలుపు నిండు బండిలోనూ తేలిగ్గా పడుతోంది, మరీ తేలిగ్గా. ఎన్నడో రాకిన పై అంచు దగ్గర ఇప్పుడు 4 మి.మీ. సందు తేలింది, వాన జల్లు లోపలికి కొడుతోంది. దానికి ఒక రబ్బరు పట్టీ కోయించి వేయాల్సి వచ్చింది.